కాశమ్మ అన్న మాట

జహీరాబాద్ మార్కెట్ వెనక ఉన్న పాత గిడ్డంగిలో అల్లం నింపడం ఎప్పుడో మానేశారు. వాసన మాత్రం గోడలను వదల్లేదు. ఎన్నిసార్లు సున్నం కొట్టించినా వానాకాలం రాగానే ఆ ఘాటు మళ్ళీ బయటికి వచ్చేది. చంద్రకళకు ఆ వాసనంటే ఇష్టం. హైదరాబాద్‌లో చల్లని గది ఇస్తామని యూనివర్సిటీ వాళ్ళు అంటే వద్దని, తన యంత్రాన్ని ఇక్కడికే తెచ్చి పెట్టుకుంది. ‘జింజర్’ అనే ఇంగ్లీషు మాట ఎక్కడ పుట్టిందో వెతికేవాళ్ళకు అల్లం పండే నేల కన్నా మంచి చోటు ఏముంటుందని ఆమె వాదన.

"వాసన మంచిగనే ఉంది గని అక్కా, ఎలుకలు గూడ మస్తున్నయ్," అన్నాడు ఇర్ఫాన్, కొరికిన వైరుకు టేపు చుడుతూ. యంత్రాన్ని చేత్తో కట్టింది అతనే. "సైన్సు అంటే గింత సోయి లేదు వీటికి."

"సోయి నీకుండాలె. రొట్టె ముక్కలు ఈడ పడేసేది ఎవరు?"

ఇర్ఫాన్ నవ్వి మీట నొక్కాడు.

గదిలో ఒక మగగొంతు వినిపించింది. అలలు, తాళ్ళు కిర్రుమనడం, ఎవరో దగ్గడం, వాటి నడుమ ఆ గొంతు. ‘సింగివేర’ అంది. ఒక పడవవాడి గొంతు అది, రెండువేల ఏళ్ళ కిందటిది. అంతే, ఆపైన గరగర.

వాళ్ళిద్దరూ ఆ గరగర దగ్గరే చాలా రోజులుగా ఆగిపోయారు.

ఏ మాటైనా మనకు ఎవరో ఒకరు నేర్పిందే. నేర్పినవాళ్ళ గొంతు ఆ మాటలో సన్నగా ఉండిపోతుంది. గొంతుకు పట్టీ కట్టి, చెవి వెనక బిళ్ళ అంటించి, ఆ మాట అనిపిస్తే, యంత్రం పై పొర తీసి కింది గొంతును వినిపించేది. ఆ గొంతు కింద దానికి నేర్పిన గొంతు. దాని కింద ఇంకొకటి. ఉల్లిపాయ పొరలు వలిచినట్టు వలుచుకుంటూ పోవడమే. ఏ రికార్డరు పెట్టినా వాన చప్పుడు తప్ప ఏమీ పడేది కాదు. యంత్రం తన సొంత గీతల్లో దాచుకున్నది దాని గదిలో, దాని ముందు మాత్రమే పలికేది. అందులోనూ పాత గొంతులే నిలిచేవి. పై పొరలు, బతికున్నవాళ్ళకు దగ్గరివి, ఒక్కసారి వినిపించి కరిగిపోయేవి.

ఆ కరిగిపోవడంలోనే చిక్కంతా ఉంది. మాట ఇచ్చినవాళ్ళ తలలోంచి ఆ మాట, దాన్ని నేర్చుకున్న, నేర్పిన గుర్తులతో సహా పోతుంది. మాటను మళ్ళీ నేర్చుకోవచ్చు. మొదట నేర్పిన గొంతు మాత్రం తిరిగి రాదు.

‘జింజర్’ ఇచ్చింది డోరతీ అనే ఇంగ్లండు ముసలామె. ఏళ్ళ తరబడి అల్లం బిస్కెట్లు కాల్చి అమ్మిన మనిషి. ఎండాకాలం మొదట్లో వచ్చి యంత్రం ముందున్న కుర్చీలో కూర్చుని ఆ మాట ఇచ్చింది. ముందు ఆమె నాయనమ్మ గొంతు వచ్చింది, పిండి కలుపుతూ ఒక పాప చేతి మీద చిన్నగా కొట్టిన చప్పుడుతో సహా. డోరతీ కళ్ళు మూసుకుని నవ్వింది. ఆపైన ఎవరెవరో అమ్మమ్మలు, కొట్టువాళ్ళు. మందులు నూరే సన్యాసి ఒకడు ‘జింజివెర్’ అన్నాడు. లాటిన్ మాట్లాడే వంటవాడు ‘జింజిబెర్’ అన్నాడు. ఎర్రసముద్రం ఒడ్డున గ్రీకు వర్తకుడు ‘జింగిబెరిస్’ అని బస్తా తట్టాడు. అతనికి ఆ మాట చెప్పింది మన పడమటి తీరం పడవవాడు.

పడవవాడికి నేర్పింది ఎవరు? గరగరలో చెవి పెట్టి వింటే ఒక ఆడగొంతు ఉన్నట్టూ లేనట్టూ ఉంది. మాట చివరి ముక్క మాత్రం కొంచెం తెలుస్తోంది. ‘వేర్’.

"గది మన ‘వేరు’ మాటనే గదక్కా," అన్నాడు ఇర్ఫాన్ ఆ రోజు. "మా ఇంట్ల అద్రక్ అంటరు, మా తోని గాదు. మీ దిక్కు నుంచి తవ్వాలె."

నిజమే. సొరంగాన్ని రెండు వైపుల నుంచి తవ్వినట్టు, ‘వేరు’ అనే మాటను పట్టుకుని ఇటునుంచి వెనక్కి వెళితే ఎక్కడో ఆ ఆడమనిషి దొరుకుతుంది. చంద్రకళ ఆగలేకపోయింది. ఎవరినీ అడక్కుండా తనే కుర్చీలో కూర్చుని ‘వేరు’ అంది.

యంత్రంలోంచి ఆరో తరగతి సైన్సు సారు గొంతు ఖంగుమంది. "వేర్లు రెండు రకములు. తల్లివేరు, పీచువేరు. రాసుకోండి!"

ఆ తర్వాత పేజీ తిప్పిన చప్పుడు. అంతే. కాగితానికి గొంతు ఉండదు కాబట్టి దారి అక్కడితో మూసుకుపోయింది. ఇర్ఫాన్ కడుపు పట్టుకుని నవ్వాడు. చంద్రకళా నవ్వింది. సాయంత్రం పాఠ్యపుస్తకం తెరిచి పోయిన మాటను మళ్ళీ చదువుకుంది. ఇంటికి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గాని ఆమెకు తట్టలేదు: బడికి పోకముందు అమ్మ కూడా ఆ మాట ఎప్పుడో నేర్పి ఉంటుంది కదా? సారు గొంతు కింద అమ్మ గొంతు ఎక్కడో ఉండే ఉంటుంది. అదీ పోయింది. ఎలా ఉండేదో ఇక తెలియదు.

కాగితం తగలని నోరు కావాలి. అల్లం తవ్వే ఆడవాళ్ళ నోటి నుంచి నోటికి వచ్చిన మాట కావాలి. ఊళ్ళో అందరూ బడికి పోయినవాళ్ళే. మిగిలింది ఒక్క మనిషి. ఆమె తల్లి మాణెమ్మ.

ఆమెను అడగాలంటే చంద్రకళకు నోరు రాలేదు.

మాణెమ్మకు తన తల్లి కాశమ్మ ముఖం గుర్తులేదు. పళ్ళు ఊడే వయసులో ఉండగా జ్వరం వచ్చి తల్లి పోయింది. ఫొటో లేదు. చీర ముక్క లేదు. ఉన్నది ఒకటే. అల్లం మడిలో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, మొక్క మొదట్లో మట్టి తప్పించి చూపిస్తూ కాశమ్మ అన్న మాట. ‘వే...రు’ అని సాగదీసి, చివర కొంచెం పైకెత్తి అనేదట. "గా ఒక్క మాట యాదికుంది బిడ్డా, మా అమ్మ గొంతుతోని," అని మాణెమ్మ ఏటా అల్లం పనిలో ఒక్కసారైనా చెప్పేది. చెప్పి, అన్నీ పక్కనపెట్టి కాసేపు ఊరికే కూర్చునేది.

అడగకుండానే విషయం మాణెమ్మ చెవిన పడింది. ఇర్ఫాన్ వాళ్ళమ్మకు అల్లం కొనడానికి ఇంటికి వచ్చి, చాయ్ తాగుతూ అంతా కక్కేశాడు.

సాయంత్రం చంద్రకళ గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే మొదలైంది.

"ఏమే, నన్నడగనీకి నీ నోరేమన్న పడిపోయిందా? ఊరోళ్ళ నోట్ల నుంచి ఇనాల్నా?"

"అమ్మా, అది కాదు..."

"ఏది కాదు? ఆ దొర్సాని అంత దూరం నుంచొచ్చి మాటిచ్చిపాయె. నేను ఇయ్యనా?"

"ఇస్తే అవ్వ గొంతు పోతదమ్మా. మళ్ళ రాదు."

మాణెమ్మ చేతిలోని చాటను కింద పెట్టింది. అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్న డోరతీ తలెత్తి ఇద్దరినీ చూసింది. మాట ఇచ్చాక ఆమె ఇంగ్లండుకు తిరిగి పోలేదు. కథ చివరికంటా వినే పోతానని మాణెమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. ఆమెకు వచ్చిన తెలుగు మూడు మాటలు: నీళ్ళు, మంచిగుంది, చాలు. మూడోదాన్ని ఎన్నిసార్లన్నా మాణెమ్మ వడ్డించడం ఆపేది కాదు.

"దొరతమ్మా," అంది మాణెమ్మ ఆమెవైపు తిరిగి, "నీ అవ్వ గొంతు పోయిందని బాధయితుందా?" కూతురికి సైగ చేసింది. "అడుగు."

చంద్రకళ ఇంగ్లీషులో అడిగింది. డోరతీ చిక్కుడు గింజను వేళ్ళ మధ్య కాసేపు తిప్పింది.

"పంటి చోటు ఖాళీ అయినట్టుంటుందట," అని చంద్రకళ తల్లికి చెప్పింది. "నొప్పి లేదట. నాలుక మాత్రం అక్కడికే పోతదట."

మాణెమ్మ చాటను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. లోపలికి వెళ్ళి పొయ్యి ముట్టించింది. ఆ రాత్రి డోరతీ ‘చాలు’ అన్న వెంటనే వడ్డించడం ఆపేసింది. చంద్రకళకు భయం వేసింది.

మరునాడు తెల్లవారి మబ్బు పట్టి ఉంది. ముగ్గురూ చేనికి వెళ్ళారు. అల్లం మొక్కలు మోకాలి కింది దాకా పెరిగాయి, ఒక్కో పిలకకు నాలుగేసి ఆకులు. వాళ్ళ ఇంట్లో ఈ అదనులో ఒక పని చేస్తారు. చుట్టుపక్కల అందరూ చేయరు. వేసవిలో విత్తనంగా పెట్టిన పాత ముక్కను, తల్లి అల్లం అంటారు దాన్ని, మొక్క కింది నుంచి మెల్లగా తీసేస్తారు. అది చెడకుండా అలాగే ఉంటుంది. కడిగి ఇంటికి వాడుకుంటారు, మిగిలింది అమ్ముతారు. మొక్క తన మానాన తను పెరుగుతుంది.

మాణెమ్మ మొక్క పక్కన చతికిలబడి, కొన వంగిన ఇనుప పుల్లతో మట్టి తప్పించింది. రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, చిన్నగా తిప్పి, ‘టక్’మని తల్లి ముక్కను విడదీసి పైకి తీసింది. పిలక కదల్లేదు. మళ్ళీ మట్టి కప్పి అరచేత్తో ఒత్తింది.

డోరతీ కంగారుగా ఏదో అంది.

"పిల్ల మొక్క చచ్చిపోదా అంటుంది," అంది చంద్రకళ.

మాణెమ్మ నవ్వింది. "ఎందుకు సస్తది? పిలక నాటుకున్నంక తల్లిని తీస్తే ఏం గాదు. నాటుకోకముందు తీస్తెనే రెండూ పోతయ్. గందుకే తొందరపడొద్దు."

చంద్రకళ చేతిలోని గంప అలాగే నిలిచిపోయింది.

తను ఇన్నాళ్ళూ చేసింది అదే. నాటుకోకముందే తీయడం. డోరతీ నాయనమ్మ గొంతును అలాగే తీసింది. తన సొంత మాటనూ అలాగే తీసి పారేసింది. నేర్పినవాళ్ళ గొంతు నేర్చుకున్నవాళ్ళ మాటలో ఉంటుందని యంత్రం కట్టించింది తనే. మరి ఇచ్చే ముందు ఆ మాటను ఇంకొకరి నోట్లో నాటాలని తనకెందుకు తట్టలేదు?

"అమ్మా! నువ్వు ఈ మాట ముందు ఎవరికన్న నేర్పాలె. అవ్వ ఎట్లంటుండెనో అట్లనే. వాళ్ళ నోట్ల గట్టిపడ్డంక మనం తీద్దాం. నువ్వు మర్చిపోతే వాళ్ళు నీకు మళ్ళ నేర్పుతరు."

"ఊళ్ళె ఈ మాట రానోళ్ళెవరే? పాలు తాగే పిల్లలు దప్ప?"

ఇద్దరూ ఒకేసారి డోరతీ వైపు చూశారు. ఆమె మట్టి చేత్తో ముక్కు తుడుచుకుని, ఎందుకైనా మంచిదని "మంచిగుంది" అంది.

ఆ రోజు నుంచి చేనే బడి అయింది. వానాకాలమంతా మాణెమ్మ డోరతీని పక్కన కూర్చోబెట్టుకుని మొక్కల మొదళ్ళలో మట్టి తప్పించి చూపించేది.

"వే...రు."

"వెయిరూ."

"వెయిరూ కాదు, నీ మొకం. నోట్ల రొట్టె పెట్టుకున్నవా? సాగదియ్యి. వే... ఆఖర్ల జెర పైకి. రు."

"వేయ్... రూ?"

"నన్నడుగుతవేందమ్మా, నువ్వు చెప్పు!"

పక్క చేలోని ఆడవాళ్ళు కలుపు తీయడం మాని చూసేవాళ్ళు. "మాణెమ్మా, దొర్సానికి పట్టా ఎప్పుడిస్తవ్?" అని ఎగతాళి చేసేవాళ్ళు. "నీకన్న ముందే వస్తది తియ్యే," అనేది మాణెమ్మ. ఒకరోజు డోరతీ మరిచిపోకుండా ఉండాలని పెన్ను తీసి ఆ మాటను అరచేతి మీద ఇంగ్లీషులో రాసుకోబోయింది. గట్టు మీద కూర్చున్న ఇర్ఫాన్ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు.

"నో నో మేడం, రాయొద్దు! పెద్దమ్మా, పెన్ను గుంజుకో! కాగితమైనా చెయ్యైనా ఒకటే!"

మాణెమ్మ గుంజుకుని జడలో దోపుకుంది. ఆ పెన్ను మళ్ళీ దొరకలేదు.

ఆకులు పసుపు తిరిగే రోజులకు డోరతీ నోట్లో మాట కుదురుకుంది. యాస మొత్తం ఇంగ్లీషుదే. కాని ఆ సాగదీత, చివర ఆ చిన్న ఎత్తు, రెండూ ఎక్కడివక్కడ ఉన్నాయి. మాణెమ్మ కళ్ళు మూసుకుని వింది. మళ్ళీ అనిపించుకుని వింది.

"ఇగ పట్టుకుంది," అంది. "పోదాం పద."

గిడ్డంగిలో మాణెమ్మ కొత్త చీరె కట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఇర్ఫాన్ గొంతుకు పట్టీ కడుతుంటే, "గట్టిగ కట్టకు కొడుకా, ఇది బర్రె మెడ గాదు," అంది. చంద్రకళ తల్లి చెయ్యి పట్టుకుంది.

"వద్దంటే ఇప్పుడన్న చెప్పమ్మా. మానేద్దాం."

"మా అమ్మ గొంతు ఇన్నేండ్లు నా తలల్నే ఉన్నది. ఒక్కపారి బయట విననియ్యే."

మాణెమ్మ ఆ మాట అంది.

గదిలోకి కాశమ్మ వచ్చింది. చంద్రకళ అనుకున్నట్టు ముసలి గొంతు కాదు. పట్టుమని పాతికేళ్ళుండవు. జలుబు చేసిన గొంతు, నవ్వు ఆపుకుంటున్న గొంతు. ‘వే...రు’ అంది, వెనక ఒక చిన్నపిల్ల కిలకిల. మాణెమ్మ కుర్చీలో ముందుకు వంగింది, పిలిస్తే వెళ్ళబోయే పిల్లలా. అంతలో ఆ గొంతు కరిగి కిందిది వచ్చింది. దాని కిందిది. దాని కిందిది. అన్నీ ఆడగొంతులే. మాట మెల్లమెల్లగా మారుతూ పోయింది, నడుమ నడుమ గడ్డపార చప్పుడు, గాజుల చప్పుడు, వాన. వెనక్కి వెనక్కి పోయి, ఒకచోట దారి రెండుగా చీలింది. ఇర్ఫాన్ మీట తిప్పి పడమటి పాయను పట్టుకున్నాడు.

సముద్రం వినిపించింది. తాళ్ళు కిర్రుమన్నాయి. వాళ్ళకు బాగా తెలిసిన దగ్గు.

పడవవాడు ఏదో అడిగాడు. గంప దించిన చప్పుడు. ఒక ఆడమనిషి స్పష్టంగా, ఏ గరగరా లేకుండా, "ఇంచి... వేర్," అంది. అల్లానికి పాత పేరు ‘ఇంచి’. వాడు అనబోయి తప్పుగా అన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. వాడు ఇంకోలా తప్పాడు. ఆమె మూడోసారి చెప్పి, వాడి ‘సింగివేర’ విని, పకపకా నవ్వింది. పోనీలే అన్నట్టు ఆ నవ్వు సాగి ఆగిపోయింది.

ఆమె దిద్దకుండా వదిలేసిన ఆ తప్పే సముద్రాలు దాటి, బస్తాల మీద, మందు సీసాల మీద, బిస్కెట్ల డబ్బాల మీద ఊరేగింది.

"యా అల్లా," అని ఇర్ఫాన్ నేల మీద కూర్చుండిపోయాడు. డోరతీ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది. తనకు నేర్పేటప్పుడు మాణెమ్మ నవ్విన నవ్వే అది, అచ్చంగా అదే.

మాణెమ్మ మాత్రం పట్టీ విప్పుకుంటూ, "ఎవలామె? మంచిగ నవ్వింది," అంది. అంతకుముందు వచ్చిన గొంతు అప్పటికే ఆమె తలలోంచి పోయింది.

మరునాడు చేనిలో అల్లం తవ్వారు. మాణెమ్మ మొదటి దుబ్బును పెకలించి, మట్టి దులిపి, కింద వేలాడే తెల్లటి పోగులను పట్టుకుని ఆగిపోయింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"చంద్రీ, దీన్నేమంటరే?"

చంద్రకళ చెప్పబోయి ఆగింది. ఆమె దగ్గర ఉన్న మాట పుస్తకంలోది, కాశమ్మది కాదు. డోరతీకి సైగ చేసింది.

డోరతీ మట్టిలో చతికిలబడి, ఆ పోగుల మీద వేలు పెట్టి, సాగదీసి, చివర కొంచెం పైకెత్తి అంది. "వే...రు."

మాణెమ్మ కదలకుండా విన్నది.

"ఇంకొకపారి అను."

"వే...రు."

"దీనికి ఎవలు నేర్పిన్రే గిట్ల?" అంది మాణెమ్మ కూతురితో, కళ్ళు డోరతీ మీదే ఉంచి. "ఎవలో మా ఇంటోళ్ళే నేర్పినట్టుంది."

"నువ్వే నేర్పినవమ్మా," అంది చంద్రకళ. "నీకు అవ్వ నేర్పింది. మడిలో పక్కన కూసోబెట్టుకుని."

కాశమ్మ, మడి, పక్కన కూర్చున్న పిల్ల. మాణెమ్మ వెతికింది. ఆ చోటు ఖాళీగా ఉంది. నాలుక మాత్రం అక్కడికి పోయింది. డోరతీ నోట్లోంచి తీసుకున్న మాటను ఆ ఖాళీలో పెట్టి చూసుకుంది. "వేయ్...రూ," అంది, అచ్చం దొరసానిలా. పక్క చేలో ఆడవాళ్ళు గొల్లుమన్నారు. మాణెమ్మ కూడా నవ్వి, మళ్ళీ అంది. ఈసారి సాగదీత సరిపోయింది. ఇంకోసారి అంది. చివర ఆ చిన్న ఎత్తు దానంతటదే వచ్చి కూర్చుంది.

చంద్రకళ గంపను పక్కన పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని వాళ్ళిద్దరి నడుమ కూర్చుంది.

"నాకు గూడ నేర్పమ్మా," అంది. "మొదటి నుంచి."

మాణెమ్మ ఒక దుబ్బును పెకలించి కూతురి ఒళ్ళో పెట్టింది. మట్టి దులిపింది. డోరతీ వైపు చూసి, ‘నువ్వూ అను’ అన్నట్టు తలూపింది.